దుఃఖమే చదువుకు దారి చూపిన చోటు

భావోద్వేగం ఆలోచనకు అడ్డుపడుతుందనీ, అభిప్రాయం మార్చుకోవాలంటే ముందు భావోద్వేగాన్ని పక్కన పెట్టాలనీ ఒక వ్యాసంలో వ్యాసకర్త అన్నారు. నెల్లూరు జిల్లా అనుభవం తెలిసినవారు ఈ మాటను పూర్తిగా ఒప్పుకోలేరు. 1990ల మొదట్లో అక్కడ అక్షరాస్యతా ఉద్యమం సాగినప్పుడు, పగలంతా కూలికి వెళ్లి రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్లు వాచకంలో సీతమ్మ కథ చదివి, సారా వల్ల చితికిపోయిన ఆ సంసారంలో తమ ఇంటినే చూసుకున్నారు. సారా ఒంటికీ ఇంటికీ చేటని వాళ్లకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. ఇన్నాళ్లూ తన ఒక్కదాని తలరాత అనుకున్నది పక్కన పలక పట్టుకుని కూర్చున్నామె బాధ కూడానని తెలిసిన క్షణంలోనే దుఃఖం కోపమై, కోపం ప్రశ్న అయింది. ఆ జిల్లాలోని దూబగుంట మహిళలు తమ ఊళ్లో సారా అమ్మకాన్ని ఆపించారు. వాళ్ల పోరాటమే తర్వాత మరో పాఠమై ఎన్నో ఊళ్లను కదిలించింది. 1993 అక్టోబరులో ప్రభుత్వం రాష్ట్రమంతటా సారాను నిషేధించింది. కోపం మనిషిని తప్పుదారి పట్టించగలదన్న వ్యాసకర్త హెచ్చరిక సరైనదే, కాదనను. కానీ ఆ మహిళల కోపాన్ని తీసివేస్తే, ఆ వాచకంలో వాళ్లు నేర్చుకున్నదేమిటో వ్యాసకర్త వివరించవలసి ఉంటుంది.