టవర్ క్లాక్ గారికి ఒక దర్జీ విన్నపం

అనంతపురం నడిబొడ్డున నిలబడ్డ గడియార స్తంభం గారికి,

మీకు కాస్త దూరంలో కుట్టుమిషను పెట్టుకుని బతికే దర్జీని. కొలతలే నా వృత్తి కనుక, ఈ ఊళ్లో నాకు అన్నిటికన్నా నచ్చేవి మీ కొలతలే. వెడల్పు 15 అడుగులు, ముఖాలు 8, ఎత్తు 47 అడుగులు. స్వాతంత్ర్యం వచ్చిన తేదీనే ఒంటికి సరిపడా కుట్టించుకున్నారు. దేశాభిమానాన్ని అంత కచ్చితంగా కొలిచిన మేస్త్రీకి దండం పెట్టాలి. ఆ తర్వాత టేపు ఎవరి చేతిలో పడిందో గానీ, లెక్క తప్పింది.

1800లో కుంపిణీ సైన్యం ఖర్చు కింద నిజాం మన సీమను ఆంగ్లేయులకు రాసిచ్చేసినప్పుడు, మీకిష్టమేనా అని ఇక్కడ ఎవరినీ అడగలేదు. బొంతకు అతుకు వేసినట్టు వేసేశారు. ఈ నేల మాది, లెక్క చెప్పు అని దొరను నిలదీయడానికి జాతీయవాదం కావలసి వచ్చింది. అందుకే అదంతా చెడ్డదనే పెద్దమనుషులతో నాకు కుదరదు. నా పేచీ ఒక్కటే: ఇప్పుడు అది లెక్క అడుగుతున్నది ఎవరిని?

ఆగస్టు 14న నలుగురు కుర్రాళ్లు పెద్ద పాలిస్టర్ జెండా తెచ్చారు. 2021 చివర్లో నియమం మారాక దానికీ అనుమతి వచ్చింది లెండి. ముడత పడదు, కానీ సూది కింద జారిపోతుంది. కర్ర దూర్చడానికి అంచు మడిచి కుట్టాలి. ఆ పని కాజాలు కుట్టే సాయిబుకు ఇచ్చాను. ముప్పై ఏళ్లుగా నా దగ్గరే ఉన్నాడు. దారం పళ్ల మధ్య పట్టుకుని, మూడు రంగుల మీదుగా ఒకే వరుసలో కుట్టు వేసుకుపోతున్నాడు. "చాచా, క్రికెట్‌లో నువ్వు ఎవరి పక్షం?" అన్నాడు వాళ్లలో ఒకడు, నవ్వుతూనే. నోట్లో దారం ఉంది కాబట్టి సాయిబు బతికిపోయాడు. తలెత్తకుండా పని ముగించి, దారం కొరికి, జెండా నేలకు తగలకుండా మడిచి ఇచ్చాడు.

యాభై రూపాయలన్నాను. "దేశం పనికి కూడా కూలి అడుగుతావా అన్నా?" అంటూ ఇరవై చేతిలో పెట్టి, మిగతాది రేపన్నారు.

కొలత తీసేటప్పుడు ఊపిరి బిగబట్టి ఛాతీ పొంగించేవాళ్లు నాకు కొత్త కాదు. ఇంటికెళ్లి ఊపిరి వదలగానే చొక్కా వదులవుతుంది, తప్పు దర్జీదవుతుంది. దేశాభిమానం కూడా ఇప్పుడు అలాగే కొలిపించుకుంటోంది. వదులైన చోట గుండుసూదులు మాత్రం పక్కవాడి ఒంట్లో గుచ్చుతోంది. మన జిల్లాలో ఏడాదికి కురిసే వాన 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. ఆ కొలత కోసం మోటార్ సైకిళ్ల ఊరేగింపు తీసినవారు నాకింతవరకు తారసపడలేదు.

మిగిలిన ముప్పై రూపాయలు ఇంకా రాలేదు. ఆ కుర్రాళ్లు సాయంత్రాలు మీ నీడలోనే టీ తాగుతుంటారు. అంత ఎత్తు నుంచి కనిపిస్తే, సాయిబు కూలి అందులోనే ఉందని చెప్పండి.

ఇట్లు,
మీ వీధి దర్జీ