ఖాళీ జవాబుకు కారణం ఎవరు చెప్పాలి?

ఫేస్‌బుక్ సంస్థ మెటా తన ప్రకటనల లెక్కలను ప్రోగ్రామ్‌లకు అందించే మార్కెటింగ్ ఏపీఐని ప్రకటనల ఖర్చు అడిగినప్పుడు ఒక్కోసారి 200 అనే విజయ సంకేతంతో పాటు ‘డేటా’ అన్న మాట, దాని పక్కన లోపల ఏమీ లేని రెండు చదరపు బ్రాకెట్లు మాత్రమే వస్తాయి. ఎర్రర్ కోడ్ ఉండదు. ప్రోగ్రామ్ దాన్ని సున్నాగా రిపోర్టులో రాసేస్తుంది, ఆ రిపోర్టు చూసి ఎవరో బడ్జెట్ పెంచేస్తారు.

ఆ ఖాళీ కొన్నిసార్లు నిజంగా సున్నాయే. ప్రకటన ఎవరికీ కనిపించని రోజుకు ఆ ఏపీఐలో లెక్కలిచ్చే ఇన్‌సైట్స్ భాగం సున్నా అని వరుస ఇవ్వదు, అసలు ఆ వరుసే ఉండదు. చిక్కేమిటంటే, మన ప్రశ్నలో పొరపాటున్నా చాలా సందర్భాల్లో అచ్చంగా అదే జవాబు వస్తుంది.

ఎక్కువమంది పట్టించుకోనిది టైమ్ జోన్. ‘ఈ రోజు’ అంటే ప్రకటన ఖాతాకు పెట్టిన టైమ్ జోన్‌లోని రోజు తప్ప మన సర్వర్ ఉన్న ఊరి రోజు కాదు. ఖాతా లాస్ ఏంజెలెస్ సమయంలో ఉంటే వేసవిలో హైదరాబాద్‌లో మధ్యాహ్నం 12:30కి, చలికాలంలో 1:30కి అక్కడ తేదీ మారుతుంది. 12:35కి ‘ఈ రోజు’ లెక్క అడిగినవారికి, అక్కడి రోజు మొదలై ఐదు నిమిషాలే అయింది కాబట్టి, ఏమీ రాకపోవచ్చు. పొద్దున పదింటికి అడిగినవారికైతే మనకు నిన్నటి తేదీ లెక్క వస్తుంది, ఇది ఖాళీ కంటే ప్రమాదం, ఎందుకంటే ఎవరికీ అనుమానం రాదు.

టోకెన్ (ఏపీఐని అడగడానికి తాళంచెవి లాంటి కోడ్) చెల్లుబాటులోనే ఉన్నా, అది ఏ సిస్టమ్ యూజర్ (మనిషి కాక ప్రోగ్రామ్ వాడే లాగిన్) పేరున ఉందో ఆ యూజర్‌కు ఏ ఖాతానూ అప్పగించకపోతే ఖాతాల జాబితా ఖాళీగా వస్తుంది. డిలీట్ చేసిన ప్రకటనల ఖర్చు క్యాంపెయిన్ మొత్తంలో ఉంటుంది కానీ, మామూలుగా అడిగిన ప్రకటనల జాబితాలో ఆ ప్రకటనలు కనిపించవు.

మెటాలో నడిచే ప్రకటనలను ఎవరైనా వెతికి చూసుకునే యాడ్ లైబ్రరీకి ఉన్న ఏపీఐ సంగతి ఇంకా బాధాకరం. హైదరాబాద్ చీరల దుకాణం నడుపుతున్న ప్రకటన లైబ్రరీ వెబ్‌సైట్‌లో కళ్ల ముందే ఉంటుంది, అదే పేజీ గురించి ఏపీఐని భారతదేశానికి అడిగితే ఖాళీ జాబితా వస్తుంది. మన దేశం విషయంలో ఏపీఐ ఇచ్చేది రాజకీయ, ఎన్నికల, సామాజిక అంశాల ప్రకటనలనే. ‘ఈ రకం ప్రకటనలు ఇక్కడ ఇవ్వం’ అని ఒక్క వాక్యం జవాబులోనే చేర్చడం మెటాకు కష్టమైన పనేమీ కాదు. పరిశోధకుడు ‘ఇవ్వలేదు’ అన్నదాన్ని ‘లేవు’ అని చదువుకుంటే ఆ తప్పులో పెద్ద వాటా వేదికదే.

అది మారేవరకు భారం మనదే. ఖాళీ వచ్చినప్పుడు అదే టోకెన్‌తో గ్రాఫ్ ఏపీఐ ఎక్స్‌ప్లోరర్‌లో (ప్రశ్నలను చేత్తో పరీక్షించి చూసే మెటా పేజీ) ముందు ఖాతా పేరు, టైమ్ జోన్ అడగాలి. ఆ తర్వాత ఫిల్టర్లన్నీ తీసేసి గత 30 రోజుల మొత్తం ఖర్చు అడిగి, ఒక్కో షరతు తిరిగి చేర్చుతూ పోతే, జవాబు ఏ షరతు దగ్గర ఖాళీ అయిందో దొరుకుతుంది. అది దొరికేదాకా రిపోర్టులోని ఆ గడిలో సున్నా కాకుండా ‘సమాచారం రాలేదు’ అని ఉండాలి.