సగంలో ఆగిన పాటకు లెక్క ఎవరిది?

తమ సేవలో పాట ఎన్ని సెకన్లలో డౌన్‌లోడ్ అవుతుందో చెప్పుకోవడానికి ఆన్‌లైన్‌లో పాటలు అమ్మే కంపెనీలకు ఉండే ఉత్సాహం, సిగ్నల్ తెగినప్పుడు ఏమవుతుందో చెప్పే దగ్గర కనిపించదు. నల్లగొండ క్లాక్ టవర్ సెంటర్‌లో నిలబడి పాట దించుకునేవారికి ఈ లోటు తెలియదు. అచ్చంపేట దాటి, మన్ననూరు మీదుగా దోమలపెంట వైపు నల్లమలలోకి వెళ్లే బస్సులో కూర్చున్నవారికి బాగా తెలుస్తుంది. ఆ దారిలో సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. ఎనభై శాతం దాకా వచ్చిన పాట ఆగిపోతుంది. సిగ్నల్ మళ్లీ అందాక, సరిగా రాయని యాప్ అయితే సున్నా నుంచి మొదలుపెడుతుంది.

లెక్క వేసి చూద్దాం. సెకనుకు 128 కిలోబిట్ల నాణ్యత గల ఐదు నిమిషాల పాట సుమారు 4.8 ఎంబీ ఉంటుంది. 320 కిలోబిట్లయితే 12 ఎంబీ. బలహీనమైన సిగ్నల్ మీద సెకనుకు 200 కిలోబిట్లే అందుతున్నాయనుకుంటే, 4.8 ఎంబీ పాటకే మూడు నిమిషాలు దాటుతుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే బస్సు ఈలోగా రెండు కిలోమీటర్లకు పైగా వెళ్లిపోతుంది. ఘాట్ రోడ్డులో అంత దూరం సిగ్నల్ తెగకుండా ఉంటుందని నమ్మి సేవను రూపొందించడం తెలివైన పని కాదు. తెగడాన్ని అరుదైన పొరపాటుగా కాక, రోజూ జరిగేదిగానే లెక్కలోకి తీసుకోవాలి.

ఇందుకు కొత్తగా కనిపెట్టాల్సింది పెద్దగా ఏమీ లేదు. ఫైలులో ఫలానా బైటు నుంచి మిగతాది మాత్రమే పంపమని అడిగే వీలు, ఫోన్లూ సర్వర్లూ (ఫైళ్లు పంపే కంపెనీ కంప్యూటర్లు) మాట్లాడుకునే నియమావళి అయిన 1997 నాటి హెచ్‌టీటీపీ 1.1లోనే ఉంది. పాటను 256 కేబీ చొప్పున ముక్కలు చేస్తే 4.8 ఎంబీకి 19 ముక్కలవుతాయి, పైన చెప్పిన వేగంలో ఒక్కో ముక్క పది సెకన్లలో అందుతుంది. ప్రతి ముక్కకూ 32 బైట్ల హ్యాష్ (ముక్కలోని డేటా నుంచి లెక్కగట్టే, వేలిముద్ర లాంటి సంఖ్య) జతచేసి, ఫోన్ సరిచూసుకున్నాకే భద్రపరిస్తే, సిగ్నల్ తెగినప్పుడు పోయేది అప్పుడు దిగుతున్న ఆ ఒక్క ముక్కే. చిక్కు వేరే చోట వస్తుంది. పాటలు దొంగిలించకుండా డౌన్‌లోడ్ లింకుకు కొద్ది నిమిషాల గడువు పెడతారు. అడవి దాటేసరికి ఆ గడువు తీరిపోతుంది, దాంతో దాచుకున్న ముక్కలన్నీ ఉన్నా మిగతావి అడిగే హక్కు ఫోన్‌కు ఉండదు. కొనుగోలు నంబరు చూపిస్తే కొత్త లింకు ఇచ్చి, పాత ముక్కలను అలాగే వాడుకోనివ్వాలి. ఈ చిన్న ఏర్పాటు లేకపోతే మిగతా శ్రమంతా వృథా.

కింది పొరలోనూ ఒక ఇబ్బంది ఉంది. డేటాను ప్యాకెట్లనే చిన్న పొట్లాలుగా చేరవేసే నియమావళి (ప్రోటోకాల్) టీసీపీ. తీగల కాలంలో పుట్టిన ఆ టీసీపీలో ప్యాకెట్ పోతే దారిలో రద్దీ ఉందనుకుని వేగం తగ్గించుకునే పద్ధతి స్థిరపడింది; గాలిలో ప్యాకెట్ పోవడానికి కొండ అడ్డం రావడం కూడా కారణం కావచ్చు. 2021లో ప్రమాణంగా వెలువడిన క్విక్ ప్రోటోకాల్, ఫోన్ వైఫై నుంచి మొబైల్ డేటాకు మారి నెట్‌వర్క్‌లో దాని చిరునామా మారినా కనెక్షన్‌ను నిలుపుకోగలదు. కానీ సిగ్నలే లేని చోట ఏ ప్రోటోకాలూ పాటను అందించలేదు.

డబ్బుల సంగతి ఇంకా ముఖ్యం. సర్వర్ ‘పంపేశాను’ అని రాసుకుంటే చాలదు, ఎందుకంటే పంపినదంతా ఫోన్‌కు చేరినట్టు కాదు. ఫైలు సరిగా చేరిందో లేదో దారికి చివర్లో ఉన్నవారే తేల్చగలరని కంప్యూటర్ శాస్త్రవేత్తలు సాల్ట్‌జర్, రీడ్, క్లార్క్ 1984లోనే ఫైలు బదిలీని ఉదాహరణగా తీసుకుని వాదించారు. డేటా చౌక కాకముందు మన మొబైల్ షాపుల్లో మెమరీ కార్డులోకి పాటలు ఎక్కించుకున్నవారు, ఫోన్‌లో పెట్టి విని చూసుకున్నాకే డబ్బులు చేతిలో పెట్టేవారు. ఆన్‌లైన్ సేవలో ముందుగా డబ్బులు కట్ చేయక తప్పదేమో గానీ, చివరి ముక్క హ్యాష్ సరిపోయిందని ఫోన్ చెప్పేదాకా ఆ కొనుగోలు పూర్తయినట్టు రాయకూడదు. ‘కొను’ బటన్‌ను జవాబు రాక పదిసార్లు నొక్కినా, కొనుగోలు నంబరు ఒక్కటే కావాలి, డబ్బులు ఒక్కసారే పోవాలి.

మళ్లీ మళ్లీ ప్రయత్నించడానికీ పద్ధతి ఉండాలి. సద్దుల బతుకమ్మ ముందు సాయంత్రాల్లో ఊరంతా కొత్త పాటలు దించుకునే వేళ, విఫలమైన ప్రతి ఫోనూ ఐదేసి సెకన్లకోసారి అడగడం మొదలుపెడితే టవర్ మీద భారం ఇంకా పెరుగుతుంది. ప్రతి వైఫల్యం తర్వాత వ్యవధిని రెట్టింపు చేస్తూ, అందులో కొంత యాదృచ్ఛికత కలిపితే ఫోన్లన్నీ ఒకే క్షణంలో ఎగబడవు.

ఇవన్నీ పాటించామని చెప్పే సేవను పరీక్షించడానికి ఒక్క కొలత అడగవచ్చు: పాట పరిమాణం ఎంత, అది పూర్తయ్యేసరికి ఫోన్ నిజంగా ఖర్చు చేసిన డేటా ఎంత? 4.8 ఎంబీ పాటకు 11 ఎంబీ ఖర్చయితే, తెర మీద టిక్ మార్కు పడినా ఆ డౌన్‌లోడ్‌ను విజయాల ఖాతాలో వేయకూడదు. ఈ కొలతను మాదాపూర్ ఆఫీసులోని వైఫై మీద కాదు, మన్ననూరు నుంచి దోమలపెంట దాకా బస్సులో కూర్చుని తీసుకోవాలి.