క్యాంటీన్ గోడ మీది నూనె-చక్కెర బోర్డు గారికి

మహారాజశ్రీ బోర్డు గారికి,

మూడో అంతస్తు ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ గుమాస్తా నమస్కరించి రాయునది. మేమిక్కడ క్షేమం. మీ క్షేమం మాత్రం అంతంతమాత్రమేనని కింద నిలబడి చూస్తేనే తెలుస్తోంది. మిమ్మల్ని సరిగ్గా బజ్జీల పొయ్యికి ఎదురుగా తగిలించిన మహానుభావుడెవరో గానీ, ‘నూనె తగ్గించండి’లో రెండో మాట జిడ్డు కింద మునిగిపోయింది. ఇప్పుడు ‘నూనె’ ఒక్కటే మిగిలింది. బదిలీ మీద కొత్తగా వచ్చినవాళ్లు అదేదో నూనె కంపెనీ ప్రకటన అనుకుంటున్నారు.

మీరు అల్లాటప్పా బోర్డు కాదని నాకు తెలుసు. 2025 జనవరిలో డెహ్రాడూన్ జాతీయ క్రీడల ప్రారంభంలో ప్రధాని గారు వంటనూనె పది శాతం తగ్గించమన్నారు. జూన్‌లో కేంద్ర ఆరోగ్యశాఖ అన్ని మంత్రిత్వశాఖలకూ లేఖ రాసింది: ఏ తిండిలో ఎంత నూనె, చక్కెర ఉందో చెప్పే బోర్డులు ఆఫీసుల్లో పెట్టండి, లెటర్‌హెడ్ల మీదా కవర్ల మీదా ఆరోగ్య సందేశాలు అచ్చేయండి, లిఫ్టు మాని మెట్లెక్కండి అని. జులైకల్లా పేపర్లు, టీవీలు కలిసి దాన్ని ‘సమోసాకు సిగరెట్ పెట్టె మీది హెచ్చరిక’గా మార్చేశాయి. అబ్బే, వీధి బండ్ల జోలికి మేం పోలేదు, ఇది ఆఫీసుల్లో సలహా మాత్రమే అని ప్రభుత్వం వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. ఇంత గొడవయ్యాక మా క్యాంటీన్‌కు వేంచేశారు మీరు. ఆ లెటర్‌హెడ్ల సలహా మాత్రం మా ఆఫీసుకు బాగా నచ్చింది. ఆరోగ్యం కోసం ప్రింటింగ్‌కు ఇండెంట్ పెట్టొచ్చని ఎవరికి తట్టింది చెప్పండి!

మీకంటే ముందొకరు వచ్చి వెళ్లారు. 2019లో అదే మంత్రిత్వశాఖ తన మీటింగుల్లో బిస్కెట్లు బంద్ చేసి వేయించిన సెనగలు, ఖర్జూరం, బాదం, అక్రోట్లు పెట్టమని సర్క్యులర్ ఇచ్చింది. అది మాది కాదు, వాళ్లిల్లు వాళ్లు చక్కబెట్టుకున్నారు. అయినా గాలి ఇక్కడిదాకా వీచింది. ఫలితం నేను కళ్లారా చూశాను. రివ్యూ మీటింగులో పెద్ద టేబుల్ మీద గాజు గిన్నెలో బాదం. వెనక వరసలో ఫైళ్లు పట్టుకుని కూర్చున్న మాకు పేపర్ ప్లేటులో సమోసా. ఆరోగ్యానికి కూడా పే లెవెల్ ఉంటుందని ఆ రోజే తెలిసింది.

అసలు సంగతికొస్తాను. మీ కిందే నిలబడి బుర్రుమనే టీ మెషిన్ మీకు కనబడుతూనే ఉంటుంది. దానికి మూడు మీటలు: టీ, కాఫీ, వేడి నీళ్లు. మా పక్క సీటు సూపరింటెండెంట్ గారికి షుగరు. మిమ్మల్ని తగిలించిన రోజు ఆయన ఎంతో ఆశగా దాని దగ్గరికెళ్లి, “చక్కెర లేకుండా ఒక కప్పు ఎట్లా బాబూ?” అని అడిగారు. కుర్రాడు పాపం నిజమే చెప్పాడు. “పౌడర్లోనే కలిసొస్తది సార్. తీయనీకి రాదు.” చెత్తబుట్టలోంచి ఖాళీ ప్యాకెట్ తీసి చూశాను. పదార్థాలను బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు రాయాలని కదా నియమం. మొదటి పేరు చక్కెర! పాలపొడి రెండోది. టీ అన్నది ఎక్కడో చివరన, పెళ్లి శుభలేఖలో ‘బంధుమిత్రుల అభినందనలతో’ అన్నట్టు ఉంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లేమో చక్కెర రోజుకు 20–25 గ్రాములు దాటొద్దంటారు. మా మెషిన్ దగ్గర రోజుకు నాలుగు కప్పులు తాగనిదే ఫైలు కదలదు.

నాకు మీ మీద కోపం లేదు. మీరు గోడకున్నారు, తిండి టెండర్లో ఉంది. ఆ టెండరు కాగితం చూసే భాగ్యం నాకు కలిగింది. అందులో కప్పు ఎన్ని మిల్లీలీటర్లో ఉంది, కుర్రాడి యూనిఫాం రంగుంది, కౌంటర్ ఎన్నింటికి తెరవాలో ఉంది. చక్కెర లేని టీ కూడా దొరకాలని ఒక్క ముక్క లేదు. కాగిన నూనె ఎన్నిసార్లు వాడొచ్చో లేదు. తక్కువ కోట్ చేసినవాడికి కాంట్రాక్టు. వాడు ఏ నూనె పోస్తాడో, ఎన్నాళ్లు మరగబెడతాడో మీరు పైనుంచి చూస్తూనే ఉన్నారు. నిన్నటి బజ్జీల నూనె ఇవాళ పునుగులకు పనికొస్తుంది, రేపు ఉల్లి పకోడీకి. ఆ పకోడీ పొట్లాం విప్పితే పాత పేపర్లో అటువైపు అక్షరాలు ఇటు కనబడతాయి. (అట్లా పేపర్లో కట్టడం కూడా తప్పేనట. దానికింకా బోర్డు రాలేదు.)

అమెరికాలో మీకో దూరపు చుట్టం ఉంది. ఫెడరల్ ఆఫీసుల క్యాంటీన్లకూ వెండింగ్ మెషిన్లకూ కలిపి 2017లో ప్రమాణాలు రాసుకున్నారు: ప్యాకెట్ చిరుతిండి ఏదైనా సోడియం 200 మిల్లీగ్రాములు దాటొద్దు, మెషిన్లోని చిరుతిళ్లలో నాలుగింట మూడొంతులు క్యాలరీల లెక్కకూ చక్కెర లెక్కకూ లోబడి ఉండాలి, ఇట్లా. కాంట్రాక్టులో చేర్చుకోవడానికి వీలుగా రాసిన అంకెలవి. వాళ్లేదో సన్నబడిపోయారని చెప్పడం లేదు. తినేవాడికి నీతులు చెప్పేముందు అమ్మేవాడికి అంకె చూపించారు, అంతే.

కాబట్టి ఈ అర్జీ. మిమ్మల్ని మించిన పోస్టేమీ అడగడం లేదు. వచ్చే మార్చిలో టెండరు మళ్లీ పిలుస్తారు. ఆ ఫైలు మీ కింద నుంచే వెళ్తుంది, ఎందుకంటే ఆ ఫైలు పని చూసే డీలింగ్ హ్యాండ్ గారు బజ్జీలు తింటూనే చూస్తారు. వీలైతే ఆ క్షణాన కాస్త ఊగి, మెషిన్‌కు నాలుగో మీట కావాలని గుర్తు చేయగలరు. అప్పటిదాకా సూపరింటెండెంట్ గారు ఇంటి నుంచి ఫ్లాస్కు తెచ్చుకుంటున్నారు. మూత తీసినప్పుడల్లా సెక్షన్‌లో అల్లం వాసన.

ఇట్లు,
మీ నీడన రెండు మిర్చి బజ్జీలు తిన్న
గుమాస్తా

తా.క. మీ ఎడమవైపు మేకు ఊడిపోయింది. కొత్త మేకుకు ఇండెంట్ పెట్టి మూడు వారాలైంది. అందాకా మీరు పడిపోకుండా కింద బిస్కెట్ డబ్బా ఆసరాగా పెట్టారు. నిండుగానే ఉందిలెండి, కదలదు.