ప్రాణాయామం సరే, రిలీవర్ ఎక్కడ?

నిరుడు మా పెద్దనాన్నకు తోడుగా గుంటూరులో ఒక ఆసుపత్రిలో నాలుగు రాత్రులు ఉన్నాను. మూడో రోజు పొద్దున నైట్ డ్యూటీ సిస్టరు ప్రతి మంచం దగ్గరా ఆగి, కొత్తగా వచ్చిన సిస్టరుకు వార్డు అప్పగించింది. "ఏడో బెడ్ తాతగారు రాత్రి రెండుసార్లు సెలైన్ సూది పీక్కున్నారక్కా. పొటాషియం రిపోర్టు ఇంకా రాలేదు, ల్యాబ్‌కు మళ్లీ ఫోన్ చేయండి." ఒక్కో మంచానికి నిమిషం కూడా పట్టలేదు.

మర్నాడు రిలీవర్, అంటే ఆమె డ్యూటీ అందుకోవాల్సిన సిస్టరు, రాలేదు. అదే సిస్టరు మధ్యాహ్నం దాకా ఉండిపోయింది. పొద్దున వేసిన బీపీ మాత్రనే పదకొండింటికి మళ్లీ తెచ్చింది. మా పెద్దమ్మ గుర్తుపట్టి ఆపింది కాబట్టి సరిపోయింది.

సిబ్బంది మనోస్థైర్యం అనగానే మన ఆసుపత్రుల యాజమాన్యాలకు తోచేది ఒక వక్త, ఒక ప్రొజెక్టరు, చివర్లో సమోసా. రాత్రంతా నిలబడి వచ్చినవారిని కూర్చోబెట్టి ప్రాణాయామం నేర్పుతారు. ప్రాణాయామంతో నాకు పేచీ లేదు. ఆ గంటసేపు వారిని ఇంటికి పంపితే నిద్రపోయేవారు కదా అన్నదే నా బాధ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో 'బర్నవుట్'ను, అంటే పనిలో పూర్తిగా డస్సిపోవడాన్ని, జబ్బుల్లో చేర్చలేదు. పనిచోట ఎడతెగని ఒత్తిడిని సరిగా సంభాళించకపోవడం వల్ల వచ్చే స్థితి అంది. అలాంటప్పుడు చికిత్స ముందుగా డ్యూటీ చార్టుకు జరగాలి.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగింది. మర్నాడు ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వదిలారు. అలాంటి రోజున డ్యూటీలో ఉన్న నర్సు ఇల్లు కూడా ఆ నీళ్లలోనే ఉండవచ్చు. ఆమె స్థానంలోకి ఎవరు రావాలో, ఆమె పిల్లల సంగతి ఎవరు కనుక్కోవాలో వరదకు ముందే కాగితం మీద ఉండాలి. సాటివారు చూసుకుంటారన్న భరోసా ఉంటే మనిషి రెండు రాత్రులైనా నిలబడగలదు. అది లేకపోతే ఎంత గుండె దిటవున్నా ఒక్క పూటకే చేతులెత్తేస్తుంది.

ఇంతకూ జట్టు అంటే ఎవరు? స్టాఫ్ నర్సు, హౌస్ సర్జన్ సరే. ఏజెన్సీ తరఫున వచ్చే పారిశుద్ధ్య కార్మికురాలు, గేటు దగ్గర రోగి బంధువుల కోపాన్ని మొదట భరించే సెక్యూరిటీ గార్డు? మీటింగుకు వారిని పిలిచిన ఆసుపత్రి నాకు కనిపించలేదు.

వీటన్నిటికంటే కష్టమైనది తప్పును బయటికి చెప్పగలగడం. అమెరికాలో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు 1990లలో ఆసుపత్రి వార్డుల్లో మందుల పొరపాట్లను పరిశీలించారు. మంచి జట్లలో పొరపాట్లు తక్కువ ఉంటాయనుకుంటే, నమోదైనవి వారి దగ్గరే ఎక్కువగా కనిపించాయి. ఆ వార్డుల్లో జరిగింది జరిగినట్టు చెప్పుకోగలుగుతున్నారని ఆమెకు తర్వాత అర్థమైంది. మన దగ్గర పొరపాటుకు మొదటి స్పందన మెమో. మెమో భయం ఉన్నచోట రిజిస్టరు ఎప్పుడూ శుభ్రంగానే ఉంటుంది.

ఆ మాత్ర చూపించి పెద్దమ్మ అడిగినప్పుడు సిస్టరు ముఖం పాలిపోయింది. "డాక్టరు గారికి చెప్పకండమ్మా, నాది కాంట్రాక్టు ఉద్యోగం" అంది. మేమూ చెప్పలేదు. సాయంత్రం రౌండ్లకు వచ్చిన డాక్టరు కేసు షీటు తిరగేసి, అంతా బాగుందన్నారు.