గట్టు ఎవరి మోచేతికి కట్టారు?

పోయిన వేసవిలో అమ్మ గుంటూరు నుంచి డాలస్ వచ్చింది. వచ్చిన రెండో రోజు రాత్రి చపాతీలు తను చేస్తానని వంటింటి గట్టు దగ్గర నిలబడి, పిండి ముద్ద మీద కర్ర పెట్టి నొక్కబోయేసరికి భుజాలు రెండూ చెవుల దాకా లేచాయి. అమ్మ ఎత్తు నాలుగడుగుల పదకొండంగుళాలు. మా గట్టు ఎత్తు 36 అంగుళాలు, ఇక్కడ దాదాపు ప్రతి ఇంట్లోనూ అంతే. టేపు పెట్టి చూస్తే అది ఆవిడ మోచేతికి ఒక్క అంగుళం కింద ఉంది, ఇక బలం ఎక్కడి నుంచి వస్తుంది? నాలుగు చపాతీలకే మెడ పట్టేసింది. మిగతావి నేల మీద పాత దుప్పటి పరుచుకుని, పీట వేసుకుని ఒత్తింది. నేను అయిదడుగుల అయిదంగుళాలు ఉంటాను కాబట్టి తొమ్మిదేళ్లుగా ఈ ఇంట్లో వండుతూ కూడా ఈ సంగతి నాకు తట్టలేదు.

ఇంటీరియర్ డిజైన్ అంటే మనవాళ్లకి ముందు గుర్తొచ్చేది హాలు. సోఫా, షాండ్లియర్, పూజ గది తలుపుకి గంటలు. పుస్తకాల్లో కూడా ఇరవయ్యో శతాబ్దపు గొప్ప డిజైనర్లు అనగానే అవే పేర్లు. 1907లో న్యూయార్క్ కాలనీ క్లబ్‌ని అలంకరించి, చీకటి గదుల్లోకి వెలుతురు తెచ్చిన ఎల్సీ డి వుల్ఫ్, వెస్ట్ వర్జీనియాలో గ్రీన్‌బ్రయర్ హోటల్‌ని పెద్ద పెద్ద పూలతో, గాఢమైన రంగులతో నింపేసిన డొరొతీ డ్రేపర్, కెనెడీల వైట్‌హౌస్‌కి పనిచేసిన సిస్టర్ ప్యారిష్. మంచి పనిమంతులే, కాదనను. కానీ వాళ్ల పని ఎక్కువగా డబ్బున్న వాళ్ల ఇళ్లలో, హోటళ్లలో ఉంది. మన రోజువారీ బతుకుని నిజంగా మార్చిన పని ఎవరిదంటే నేను మార్గరెటె షుట్టె-లిహోట్స్కీ పేరు చెబుతాను. ఆవిడ చదువుకున్నది ఆర్కిటెక్చర్, అయినా సరే.

1926, జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఇళ్ల కరువు. ఎర్న్‌స్ట్ మే అనే ఆర్కిటెక్ట్ ఆధ్వర్యంలో నగరపాలక సంస్థ కార్మికులకి వేల ఇళ్లు కడుతోంది, అద్దె తక్కువ ఉండాలి కాబట్టి గదులు చిన్నవి. వంటింటి పని వియన్నా నుంచి వచ్చిన లిహోట్స్కీకి అప్పజెప్పారు, అప్పటికి ఆవిడకి 29 ఏళ్లు. ఆరడుగుల పైచిలుకు వెడల్పు, పదకొండడుగుల పొడవు, అంతే జాగా. ఏ పనికి ఎన్ని అడుగులు వేస్తున్నారు, ఎంతసేపు పడుతోంది అని లెక్కలు కట్టింది. రైలు బోగీలో అంత ఇరుకులో వందమందికి ఎలా వండుతారో చూసి ఆ పద్ధతి పట్టుకుంది. కిటికీ కింద వెలుతురులో తరిగే బల్ల, కూర్చుని తరుక్కోవడానికి గుండ్రంగా తిరిగే స్టూలు, గోడ మీంచి దించుకునే ఇస్త్రీ బల్ల, గిన్నెలు కడిగి పెడితే వాటంతటవే ఆరిపోయే స్టాండు. పంచదార, బియ్యం లాంటివి పోసుకోవడానికి అల్యూమినియం సొరుగులు, వాటికి పిడి ఉంటుంది, కొసన ముక్కులాగా ఉంటుంది, లాగి నేరుగా గిన్నెలోకి ఒంపేసుకోవచ్చు. పిండి డబ్బా మాత్రం ఓక్ చెక్కది, పురుగు పట్టకుండా. ఆ సొరుగుల ఫొటో చూసినప్పుడు నాకు మన పోపుల డబ్బా గుర్తొచ్చింది. నూనె కాగుతుంటే ఆవాలు ఒకచోట, జీలకర్ర ఇంకోచోట వెతుక్కునే టైముండదని మన అమ్మమ్మలకి ఎప్పుడో తెలుసు.

ఇలాంటి వంటిళ్లు సుమారు పదివేలు కట్టారు. ఇవాళ మన ఇళ్లలో కనిపించే వరసగా అమర్చిన అలమరలు, అతుకు లేకుండా సాగే గట్టు, వీటన్నిటి వెనకా ఆ చిన్న గది ఉంది. న్యూయార్క్‌లో మోడర్న్ ఆర్ట్ మ్యూజియం వాళ్లు ఒకటి తెచ్చి పెట్టుకున్నారు కూడా. దాన్ని గీసేనాటికి తనకి వంట చేసిన అలవాటే లేదని ఆవిడే తర్వాత చెప్పుకుంది. నాకు అది తప్పుగా అనిపించదు, తెలియదు కాబట్టే కొలిచింది. తర్వాత నాజీలకి ఎదురు నిలిచి 1941లో అరెస్టయి, యుద్ధం ముగిసేదాకా జైల్లో ఉండి, 2000 జనవరిలో, 103 నిండటానికి అయిదు రోజుల ముందు పోయింది. అంత జీవితంలో అందరూ ఒక్క వంటింటి గురించే అడగడం ఆవిడకి నచ్చేది కాదట, అయినా నేనూ దాని గురించే రాస్తున్నాను.

ఇక్కడ అమెరికాలో ఇదే పని లిలియన్ గిల్‌బ్రెత్ చేసింది. ఇంజినీరు, పన్నెండుమంది పిల్లల తల్లి. ఫ్యాక్టరీల్లో పనివాళ్ల కదలికలు కొలిచిన మనిషి, 1929లో బ్రూక్లిన్‌లో ఒక గ్యాస్ కంపెనీ కోసం వంటిల్లు గీసింది. కాలితో నొక్కితే తెరుచుకునే చెత్తబుట్ట, ఫ్రిజ్ తలుపుకి అరలు ఆవిడ ఆలోచనలే అంటారు. నాకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకోటి. గట్టు ఎత్తు అందరికీ ఒకటే పెట్టకూడదు, అక్కడ నిలబడి పనిచేసే మనిషి ఎత్తుని బట్టి ఉండాలని ఆవిడ అప్పుడే గట్టిగా చెప్పింది. దాదాపు వందేళ్లయింది. ఇప్పటికీ మనకి 36 అంగుళాలే ఇస్తున్నారు, మనమూ గ్రానైటా క్వార్ట్జా అని నెలరోజులు చర్చించుకుంటాం గాని ఎత్తు గురించి ఒక్క మాట అడగం.

ఫ్రాంక్‌ఫర్ట్ వంటింట్లో లోపం లేదనను. అది ఒక్క మనిషికే సరిపోయే గది. ఇద్దరు నిలబడితే ఒకరి మోచేయి ఒకరికి తగులుతుంది, ఇల్లాలు లోపల ఒంటరిగా మిగిలిపోయింది. వినాయక చవితి రోజు కుడుములు, పులిహోర, వడపప్పు ముగ్గురు కలిసి చేసే మన ఇళ్లకి అది సరిపడదు. అమెరికా వాళ్లు గోడలు తీసేసి హాలుతో కలిపేశారు. మంచిదే, వండుతూ పిల్లల హోంవర్క్ చూడొచ్చు. కానీ అందులో మన తాలింపు లెక్క లేదు. ఎండుమిరపకాయ మాడిందంటే ఆ ఘాటు సోఫాకి, కర్టెన్లకి, పైన పిల్లల కోట్లకి పడుతుంది. మా ఇంట్లో బిల్డర్ పెట్టింది మైక్రోవేవ్ కింద ఉండే ఫ్యాను, అది పొగని లాగి జాలీలోంచి మళ్లీ మన మొహం మీదకే వదులుతుంది, బయటికి గొట్టమే లేదు. కొనేటప్పుడు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇంట్లో దిగిన వారంలోనే స్మోక్ అలారం మోగి, చంటిపిల్ల ఏడుపు, నాకు టెన్షన్. తర్వాత గోడకి కన్నం పెట్టించి గొట్టం వేయించుకునేసరికి బోలెడు ఖర్చయింది.

చాలామంది గరాజులో ఇంకో స్టవ్ పెట్టుకుంటున్నారు. గ్యాస్ స్టవ్ అయితే తలుపు మూసి మాత్రం వెలిగించకండి, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, ప్రాణం మీదకి వస్తుంది. అసలు ఇంత ఖరీదు పెట్టి ఇల్లు కొని, రోజూ చేసే పనిని గరాజులోకి తోసుకోవాల్సిన గతి మనకెందుకు? మన వంటకి ఏం కావాలో ఇల్లు గీసేవాడికి తెలియదు. మనమైనా చెప్పడం లేదు.

ఈ ఏడాది కొత్త ఇల్లు బుక్ చేసుకుంటున్నవాళ్లు బిల్డర్ ఆఫీసులో టైల్సు చూసేముందు ఈ పని చేయండి. ఇంట్లో ఎక్కువగా వండేవాళ్లని, అప్పుడప్పుడూ వచ్చి ఆరునెలలు ఉండే అమ్మనీ అత్తయ్యనీ కూడా, చేతులు మడిచి నిలబడమని మోచేయి ఎత్తు కొలవండి. తరగడానికి దానికి నాలుగైదు అంగుళాలు కింద గట్టుంటే హాయి, పిండి ఒత్తడానికి ఇంకాస్త కిందకి ఉన్నా మంచిదే. ఫ్యాను గాలి ఎక్కడికి పోతుందో అడగండి, బయటికి అని కాగితం మీద రాయించుకోండి. గోడలు లేవకముందు ఇవి చిన్న ఖర్చులు.

మేము గట్టు కోయించలేదు. కిటికీ దగ్గర బ్రేక్‌ఫాస్ట్ టేబుల్ తీసేసి అక్కడ 31 అంగుళాల ఎత్తున చెక్క బల్ల చేయించాం, పక్కన రెండు స్టూళ్లు. అమ్మ వెళ్లే ముందు మూడు వారాలు దాని మీదే చపాతీలు ఒత్తింది. ఇప్పుడు ఆ బల్ల దగ్గర మా అమ్మాయి నిలబడుతోంది, పదేళ్లది, ఆ ఎత్తు దానికి సరిగ్గా సరిపోయింది. ఉల్లికాడలు తరగడం నేర్చుకుంది.