ఎడ్ఫు ఆలయం ఘనత ఎవరిది?

ఈజిప్టులో పైకప్పుతో సహా దాదాపు పూర్తిగా నిలిచిన ప్రాచీన ఆలయం ఎడ్ఫులోని హోరస్ అనే డేగ దేవుడి గుడి. క్రీ.పూ. 237లో అప్పటి ఈజిప్టు రాజు మూడో టాలెమీ పునాది వేయించాడు. ఇతని తండ్రి పేరు మన అశోకుడి 13వ శిలాశాసనంలో కనిపిస్తుంది. అలంకరణలతో సహా పని ముగిసింది క్రీ.పూ. 57లో, పన్నెండో టాలెమీ హయాంలో. అందుకే అందరూ దీన్ని టాలెమీల గుడి అంటారు. ఆ మాట నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

టాలెమీలు అలెగ్జాండర్ సేనాని వంశం, గ్రీకు మాట్లాడే మాసిడోనియన్లు. చివరి రాణి ఏడో క్లియోపాత్రాకు ముందు ఆ వంశపు రాజులు ఈజిప్టు భాష నేర్చుకునే ప్రయత్నమే చేయలేదని ప్రాచీన గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. ఎడ్ఫు గోడల మీద మాత్రం ఎటు చూసినా రాజే పూజ చేస్తుంటాడు. నిజానికి రోజూ ఆ పూజలు చేసింది స్థానిక పూజారులు. ఫారోగా గుర్తింపు రాజుకు కావాలి, గుడికి డబ్బు, భూములు పూజారులకు కావాలి. ఇద్దరికీ బేరం కుదిరింది.

పూజారులు ప్రజల పక్షాన నిలబడ్డారని కూడా చెప్పలేం. క్రీ.పూ. 206 ప్రాంతంలో దక్షిణ ఈజిప్టు తిరగబడింది. దాదాపు ఇరవై ఏళ్లు దక్షిణాది నగరం థీబ్స్‌లో స్థానికులే ఫారోలుగా ఏలారు, ఎడ్ఫులో పని ఆగిపోయింది. తిరుగుబాటుదారులు ఈ గుడిలోనే దాక్కున్నారని గోడ మీది శాసనం చెబుతుంది, అదీ గెలిచిన రాజు వైపు నుంచి. ఆ అల్లర్ల మధ్యే, క్రీ.పూ. 196లో, పూజారుల సభ కుర్రవాడైన ఐదో టాలెమీని పొగుడుతూ తీర్మానం చేసింది. మూడు లిపుల్లో చెక్కిన ప్రసిద్ధ రోసెట్టా శిల మీద ఉన్నది అదే. అందులో గుళ్లకు దక్కిన పన్ను రాయితీల ప్రస్తావనా ఉంది.

అయినా ఘనత పూజారులకే ఇస్తాను. అధికారం పరాయి చేతుల్లోకి పోయిన కాలంలో తమకు తెలిసిన విద్యనంతా వాళ్లు రాతికి ఎక్కించారు. ఒక చిన్న గదిలో సుగంధ ద్రవ్యాల తయారీ విధానాలు, మరో గది గోడ మీద గ్రంథాల జాబితా, ప్రాకారం మీద నీటిగుర్రం రూపంలోని శత్రువును హోరస్ పొడిచి చంపే ఉత్సవ గాథ. పూర్వం కొన్ని వందలుండే చిత్రలిపి గుర్తులు ఈ కాలపు గుళ్లలో వేలకు పెరిగాయి. రాజు కోసమే అయితే అంత శ్రమ అక్కర్లేదు. గర్భగుడిలో దేవుణ్ణి ఉంచిన ఏకశిలా మందిరం కూడా టాలెమీలు చేయించింది కాదు. అది పాత గుడి నుంచి నిలుపుకున్నది. దాని మీద ఉన్నది చివరి స్వదేశీ వంశపు ఫారో, రెండో నెక్టానెబో పేరు.